నిప్పు రాలని ఉక్కు

ఉరుముకొండ దుర్గంలో ఆ ఉదయం మబ్బు కోట లోపలికే వచ్చేసింది. మేఘవాటి రాజ్యపు మబ్బులకు బురుజులన్నా కావలివాళ్లన్నా లెక్కలేదు. అవి నల్లరాతి తోరణాల కింద నుంచి దర్జాగా నడిచివచ్చి, ఏనుగుల శాలల్లో దూరి, రాణివాసపు కిటికీల పట్టుతెరలు తడిపి, తీరిగ్గా అవతలి లోయలోకి దిగిపోతాయి. సింహద్వారం మీద చెక్కిన రాతిసింహాల కోరల నుంచి నీటిచుక్కలు జారుతున్నాయి. వెండి తొడుగుల స్తంభాలు మసకబారాయి. తూర్పు బురుజు మీది రాజపతాకం తడిసి బరువెక్కి తన స్తంభానికే అతుక్కుపోయింది. దాని కింద కొండదారి పొడవునా జనం నడుస్తున్నారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, అంగళ్లు మూసేసిన వర్తకులు, అందరూ ఉరుముల బండ వైపే. మధ్యాహ్న భేరి మోగి ఆగిపోగానే ఆ బండ మీద నుంచి దళపతి అరిందముణ్ణి లోయలోకి తోసేస్తారని అందరికీ తెలుసు.

అరిందముడు దేశద్రోహం చేయలేదు. యుద్ధంలో వెన్ను చూపలేదు. అతని తుపాకి పేలలేదు, అంతే.

కిందటి పౌర్ణమికి భస్మశిఖుడనే మాంత్రికుడు, ఒళ్లంతా బూడిద పూసుకున్న శిష్యగణంతో కొలువుకూటంలో అడుగుపెట్టాడు. తనకు అగ్నిస్తంభన విద్య వచ్చునన్నాడు. తన కళ్లెదుట నిప్పు పుట్టదన్నాడు. "మీ చెకుముకి తుపాకుల్లో ఒక్కటైనా నా మీద పేలితే నేను మీ బానిసను. ఒక్కటీ పేలకపోతే కోట తాళాలు నా చేతికివ్వండి. రక్తపాతం దేనికి?" అన్నాడు. కొండ కింద శోణపురం రాజు సైన్యం డేరాలు వేసుకుని కూర్చుంది. మాంత్రికుడు ఆ రాజు మనిషేనని పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా మహారాణి వసుంధరాదేవి ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? మేఘవాటి తుపాకులంటే ఇరుగుపొరుగు రాజ్యాలకు హడలు. సాధనశాలలో అవి పేలుతుంటే కొండ దద్దరిల్లేది. భస్మశిఖుడు వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు. "మీ ఆచారం నేను చెరచను. వీరులంతా తల్లి బొట్టు పెట్టించుకునే రండి." ఎంత పెద్దమనిషి అని సభంతా మెచ్చుకుంది.

మరునాడు మేటి వీరులు వరుసగా నిలబడి మీట నొక్కారు. టక్. టక్. టక్. ఒక్క తుపాకిలోనూ నిప్పురవ్వ రాలలేదు. చివరికి నిలబడ్డవాడు అరిందముడు. అతని తుపాకి కూడా మూగబోయింది.

మేఘవాటిలో పాతకాలపు శాసనం ఒకటుంది. సేనకు పెద్దయినవాడి చేతిలో ఆయుధం మూగబోతే అతడు ఆయుధానికి అబద్ధమాడినట్టే లెక్క, ప్రాణం ఇచ్చుకోవాలి. దానికి మినహాయింపు ఒక్కటే. శిక్ష నాటి భేరి ఆగేలోగా అతని రక్తసంబంధీకుడెవరైనా వచ్చి, అదే ఆయుధాన్ని అదే శత్రువు మీద ప్రయోగించవచ్చు. దాన్ని రక్తహక్కు అంటారు. ఆయుధం పలికితే ఇద్దరూ బతుకుతారు. పలకకపోతే ఇద్దరికీ ఒకటే లోయ. కోట తాళాలు కూడా అప్పటిదాకా రాణి నడుముకే ఉంటాయి.

అరిందముడికి ఉన్నది ఒక్కడే తమ్ముడు, మణికేతుడు. మీసాలు సరిగ్గా రాని వయసులో అన్నతో పోట్లాడి, ఇల్లు వదిలి, వేలాపురి రేవులో ఓడెక్కేశాడు. బతికున్నాడో లేడో తల్లికే తెలియదు.

బతికే ఉన్నాడు. అన్న వార్త రేవులో చెవిన పడ్డ క్షణం నుంచి గుర్రం మీదే ఉన్నాడు. సరిగ్గా ఇప్పుడు ఒళ్లంతా బూడిద పూసుకుని, జుట్టు ముడేసుకుని, మాంత్రికుడి శిష్యుడి వేషంలో ఆయుధశాల మెట్లెక్కుతున్నాడు. వేషం ఎందుకంటే, రక్తహక్కు అడిగేవాడెవడైనా వస్తే బండ దాకా చేరనివ్వకండని భస్మశిఖుడు ప్రతి ద్వారం దగ్గరా మనుషుల్ని పెట్టాడు. పెద్దమనిషి మరి!

ఆయుధశాల మేఘవాటి రాజుల మూడు తరాల గర్వం. గంధపు చెక్క తలుపుల వెనక గోడలకు ఖడ్గాలు చంద్రవంకల్లా వేలాడుతున్నాయి. పగడాలు తాపిన పిడిబాకులు, నెమలికంటి రంగుల డాళ్లు, దంతపు పిడుల ఈటెలు. వాటి మధ్య కొత్తగా వచ్చిన కోడళ్లలా ఒక పక్కన తుపాకుల బారు. అన్న తుపాకిని మాత్రం విడిగా, నల్లగుడ్డ పరిచిన పీట మీద పెట్టారు. చనిపోయినవాళ్లకు పెట్టినట్టు దాని మీద పూలు చల్లి ఉన్నాయి. మణికేతుడు చిన్నప్పుడు ఆ తుపాకి మడమ మీద, అంటే భుజానికి ఆనించే కర్ర మీద, వేలు పెడితేనే అన్న చెవి మెలిపెట్టేవాడు.

చుట్టూ చూశాడు. గుమ్మం దగ్గర ఒక శిష్యుడు కునికిపాట్లు పడుతున్నాడు. మణికేతుడు తుపాకి చేతిలోకి తీసుకున్నాడు.

ఓడ మీద ఫిరంగుల పెద్ద ఒకడుండేవాడు. ఉప్పుగాలిలో తుపాకి పేలకపోతే కుర్రాళ్లు సముద్రాన్ని, గ్రహాలను, మొన్న చూసిన ఒంటి కాకిని తిట్టేవాళ్లు. ఆయన మాత్రం ఒకటే అనేవాడు. "తుపాకిలో పనులు ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి నడుస్తాయిరా. ఎవడు చెయ్యి వదిలేశాడో చూడు. దేవుణ్ణి తర్వాత అడుగుదువు గాని." మణికేతుడు ఇప్పుడు అదే చేశాడు.

మీట నొక్కితే లోపల వంచి బిగించిన ఉక్కు కమాను విడివడి, రాయిని కరిచిపట్టిన దవడ ముందుకు దూకాలి. దవడను వెనక్కి లాగాడు. సగం ఎత్తులో ఒకసారి, నిండా ఎత్తితే ఇంకోసారి గట్టిగా పట్టుకుంది. కమాను బిగువు చెక్కుచెదరలేదు. దవడలో చెకుముకి రాయి కదలకుండా ఉండాలి. ఉత్త ఇనుములో రాయి నిలవదు కాబట్టి తోలుముక్క చుట్టి బిగిస్తారు; తోలు ఉంది, బిగువూ ఉంది. రాయి అంచు వేలికి కోసుకునేంత పదునుగా ఉంది. ఆ అంచు ఎదురుగా నిటారుగా నిలబడ్డ ఉక్కు పలకను పైనుంచి గీరుకుంటూ దిగాలి. ఆ గీరుడుకు ఉక్కు సన్నటి పొట్టుగా లేచి, తన వేడికి తనే కాలి రవ్వలవుతుంది. అదే దెబ్బకు పలక వెనక్కి తిరగబడి, దాని కాలి కింద మూసి ఉన్న చిన్న గిన్నె తెరుచుకుంటుంది. గిన్నెలో రంజకం, అంటే మెత్తగా నూరిన మందు. దాని మంట గొట్టం పక్కనున్న సన్నటి చెవిలోంచి లోపలికి దూరితే, లోపలి మందు అంటుకుని గుండు బయటికి వస్తుంది.

పలకను గోటితో కొట్టి చూశాడు. ఖంగుమంది. మెత్తటి ఇనుము కాదు, కాల్చి నీళ్లు పట్టించిన మంచి ఉక్కు. అన్నీ బాగున్నాయి. ఖాళీ గిన్నెతోనే మీట నొక్కాడు.

టక్.

పలక తిరగబడింది. గిన్నె తెరుచుకుంది. రవ్వ రాలలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. రాయి పలక మీద జారిపోతోంది.

మణికేతుడు పలక మీద వేలు పెట్టాడు. నున్నగా, జిడ్డుగా తగిలింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నువ్వులనూనె. పసుపు. వెలుతురుకేసి తిప్పి చూస్తే ఉక్కు మీద నిలువునా ఒక పచ్చటి గీత, ఉంగరపువేలి వెడల్పున, ఎండిపోయి ఉంది. అది తల్లి బొట్టు. అది తన తల్లి వేలు.

ఖడ్గాల కాలం నుంచీ మేఘవాటిలో ఉన్న ఆచారం అది. కొడుకు యుద్ధానికి కదిలేముందు తల్లి పసుపు కలిపిన నూనెలో ఉంగరపువేలు ముంచి ఆయుధపు ముఖానికి నిలువుబొట్టు పెడుతుంది. కత్తికి అది మేలే, తుప్పు పట్టదు. తుపాకులు వచ్చి ఒక తరం కూడా కాలేదు. తుపాకికి ముఖమేది? నిటారుగా నిలబడి మెరిసేది ఆ ఉక్కు పలక ఒక్కటే. అన్నెం పున్నెం ఎరగని తల్లులు దానికే బొట్టు పెట్టారు. నూనె పట్టిన ఉక్కు మీద రాయి గీరదు, జారుతుంది. సాధనశాలలో ఎవరూ బొట్టు పెట్టరు కాబట్టి అక్కడ అన్నీ పేలాయి. తుపాకులు వచ్చాక నిజమైన యుద్ధం రాలేదు కాబట్టి ఈ సంగతి ఎవరికీ తెలిసిరాలేదు. తెలిసినవాడు ఒక్క భస్మశిఖుడు. వాడి అగ్నిస్తంభన విద్య అంతా ఈ రాజ్యపు తల్లుల ఉంగరపువేళ్లలో ఉంది.

మణికేతుడికి కోపం ముంచుకొచ్చింది. కానీ కోపానికి సమయం లేదు. నూనె పోవాలంటే నీళ్లు పనికిరావు. తడిగుడ్డ ఇంకా చెరుపు. తన భుజం వంక చూసుకున్నాడు. ఒళ్లంతా బూడిద! భుజం మీంచి చారెడు గీకి, పలక మీద వేసి, అంట్ల గిన్నె తోమినట్టు తోమాడు. రాయి అంచుకు కూడా పట్టించి, పొడిగుడ్డతో కిర్రుమనేదాకా తుడిచాడు. దవడ ఎత్తి మీట నొక్కాడు.

బంగారు రవ్వలు గిన్నెలోకి జలజలా రాలాయి.

అతని కళ్లు చెమర్చాయి. ఏం చేస్తున్నాడో తెలియకుండానే తుపాకిని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు. ఆ ఇంట పుట్టినవాళ్లంతా చేసే పనే అది. కానీ భస్మశిఖుడి శిష్యులు చేసే పని కాదు.

"ఏయ్! ఎవడ్రా నువ్వు?" గుమ్మం దగ్గరివాడు లేచి నిలబడ్డాడు. "మనోళ్లెవరూ ఆయుధానికి దణ్ణం పెట్టరే!"

"నిద్రలో కల గాని కన్నావా?" అన్నాడు మణికేతుడు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

వాడు త్రిశూలం విసిరాడు. అది మణికేతుడి చెవి పక్క నుంచి పోయి తలుపులో దిగబడింది. మణికేతుడు మందు కొమ్ము, గుండ్ల సంచి భుజాన వేసుకుని, అడ్డం వచ్చినవాణ్ణి తుపాకి మడమతో గుండెల మీద పొడిచి గుమ్మం దాటాడు. మెట్ల మీద నుంచి నలుగురైదుగురు బూడిద మనుషులు పైకి ఉరుకుతున్నారు. కిందికి దారి లేదు. పైకి పరుగెత్తాడు. బురుజు కొసకు చేరేసరికి ఎదురుగా ఆకాశం, కింద పాతాళం, పక్కన తడిసిన రాజపతాకం. తుపాకిని ఉత్తరీయంలో చుట్టి వీపుకు బిగించి, పతాకపు మోకు పట్టుకుని గోడ అవతలికి దూకాడు. అరచేతులు మండాయి. సగం దూరం దిగాడో లేదో పైనుంచి ఎవడో మోకు నరికాడు. మణికేతుడు, మోకు, రాజపతాకం కలిసి ఏనుగుల శాల పక్కన గడ్డివాము మీద పడ్డారు. గడ్డి మేస్తున్న పట్టపుటేనుగు తన తిండిలోంచి లేచిన బూడిద మనిషిని చూసి కొండ అదిరేలా ఘీంకరించింది. మావటివాడు మంచె దిగేలోపు మణికేతుడు శాల ముందు కట్టేసి ఉన్న గుర్రం పగ్గం తెంచి ఎక్కేశాడు.

వెనక బాణాలు. ముందు జనం. దూరంగా భేరి మొదలైంది.

ఉరుముల బండ లోయ మీదికి చాచిన నాలుకలా ఉంటుంది. దాని కొసన అరిందముణ్ణి చేతులు వెనక్కి కట్టి నిలబెట్టారు. అతని వెనక ఇద్దరు తలారులు. ఇవతల ముత్యాల గొడుగు కింద మహారాణి, రాయిలా బిగుసుకున్న ముఖంతో కూర్చుంది. ఆమెకు ఎదురుగా, తుపాకి వేటు దూరంలో, భస్మశిఖుడు పులిచర్మం మీద నిలబడి ఉన్నాడు. జడలు పాదాల దాకా ఉన్నాయి. చేతిలో కపాలదండం. కళ్లు ఆమె నడుమున ఉన్న తాళాల గుత్తి మీదే. మేఘవాటి ఆచారం ప్రకారం చావబోయేవాడి తల్లి కూడా అక్కడే ఉంది. పేరు గౌరసాని. చేతిలో పళ్లెం, పళ్లెంలో ఆకుదొప్ప, దొప్పలో పసుపు కలిపిన నూనె. రక్తహక్కుకు ఎవరైనా వస్తే బొట్టు పెట్టాలి కదా! ఎవరూ రారని తెలిసినా ఆమె పొద్దుటి నుంచీ అలాగే పట్టుకుని నిలబడింది.

"ఆపండి! రక్తహక్కు!"

నురగలు కక్కుతున్న గుర్రం మీద నుంచి బూడిద మనిషి దూకాడు. జనం గబుక్కున చీలిపోయారు. అతను ముఖం మీది బూడిద మోచేత్తో తుడుచుకుని రాణికి మోకరిల్లాడు. "మహారాణీ, అరిందముడి తమ్ముణ్ణి. మణికేతుణ్ణి. అన్న తుపాకి తెచ్చాను. భేరి ఆగేదాకా గడువు నాది."

బండ కొస నుంచి అరిందముడు అరిచాడు. "ఒరేయ్ మణీ! నువ్వెందుకొచ్చావురా? పొమ్మంటే పోయినవాడివి అలాగే ఉండక! అమ్మకు ఒక్కడైనా మిగలొద్దా? వెళ్లిపోరా!"

"చిన్నప్పుడు నీ మాట విన్లేదు, ఇప్పుడు వింటానా అన్నా?" అన్నాడు తమ్ముడు.

రాణి తల ఊపింది. భేరి జోరందుకుంది. మణికేతుడు మందు దట్టించే కడ్డీ, గజం, బయటికి లాగి, కొమ్ములోంచి మందు గొట్టంలో పోసి, గుడ్డలో చుట్టిన గుండు దట్టించాడు. గజం దిగుతున్నప్పుడు తుపాకి చెవిలోంచి సన్నగా గాలి రావాలి. ఆ రోదలో, ఆ తొందరలో అది వస్తోందో లేదో అతను గమనించలేదు. గిన్నెలో రంజకం సగానికే పోశాడు. నిండా పోస్తే చెవి కప్పుకుపోయి, మంట చప్పున దూరే బదులు వత్తిలా నసుగుతూ కాలుతుంది. మబ్బు బండ మీదికి పాకుతోంది. తేమ తగలకుండా పలకను గిన్నె మీదికి వాల్చి మూసి, పైన ఉత్తరీయం కప్పాడు.

గౌరసాని దగ్గరికి వచ్చింది. కొడుకును ఎన్నేళ్లకు చూసిందో! ముఖం తడమాలని చెయ్యి లేచింది, కానీ ఆచారం ముందు. ఉంగరపువేలు నూనెలో ముంచి ఉక్కు పలక వైపు చాచింది.

మణికేతుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కడొద్దమ్మా."

జనంలో కలకలం రేగింది. తల్లి బొట్టు వద్దన్న కొడుకు మేఘవాటిలో అంతకుముందు పుట్టలేదు.

"అపచారం!" భస్మశిఖుడి గొంతు మొదటిసారి కీచుగా పలికింది. "తల్లి బొట్టు లేని ఆయుధం చెల్లదు! ఆయుధపు ముఖం ఎటుందో తల్లికి తెలియదా? పెట్టనియ్యి!"

"బొట్టు వద్దనలేదు స్వామీ. మీకెందుకంత ఆత్రం?" మణికేతుడు తల్లి వంక తిరిగాడు. నిజం నాలుక చివర దాకా వచ్చింది. చెబితే, అన్నను బండ కొసకు చేర్చింది ఎవరి వేలో ఇంతమందిలో చెప్పినట్టవుతుంది. మింగేశాడు. తుపాకి మడమ చూపించాడు. "ఇక్కడ పెట్టమ్మా. ఇది నా భుజానికి ఆనుకునే చోటు. నువ్వు నన్ను పట్టుకున్నట్టు ఉంటుంది."

గౌరసాని కళ్లు నిండాయి. కర్ర మడమకు నిలువుగా బొట్టు పెట్టి పక్కకు తప్పుకుంది.

మణికేతుడు దవడ నిండా ఎత్తి, గురి చూసి, మీట నొక్కాడు. రవ్వలు రాలాయి! గిన్నె భగ్గుమంది! తెల్లటి పొగ లేచింది. జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చారు.

గుండు రాలేదు.

పొగ చెదిరిపోయింది. భస్మశిఖుడు చెక్కుచెదరకుండా నిలబడి, నెమ్మదిగా, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "చూశావా రాణీ? పుట్టిన నిప్పును కూడా మింగేశాను. ఆపించు భేరి."

"భేరి ఆపడం నా చేతిలో లేదు. ఎండ బండ కొసను తాకేదాకా మోగుతుంది. అది శాసనం," అంది వసుంధరాదేవి. ఆమె వేళ్లు మాత్రం తాళాల గుత్తి మీద బిగుసుకున్నాయి. మబ్బు చీలి, వెలుతురు బండ మీద అంగుళం అంగుళం ముందుకు జరుగుతోంది.

ఫిరంగుల పెద్ద మాట మణికేతుడి చెవిలో మోగింది. ఎవడు చెయ్యి వదిలేశాడో చూడు. రాయి పనిచేసింది. ఉక్కు పనిచేసింది. రంజకం కాలింది. మంట గిన్నె దాకా వచ్చి ఆగిపోయింది. అయితే చెవి! వంగి చూశాడు. మసి కింద చిన్న రంధ్రంలో నల్లటి మైనం గట్టిగా దిగి ఉంది. మాంత్రికుడు రెండో తాళం కూడా వేశాడు. తను ఆయుధశాలలో రవ్వలు చూసిన సంబరంలో చెవి సంగతే మర్చిపోయాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సూది కావాలి. కత్తి మొన దూరదు. బాణపు ములికి దూరదు. చుట్టూ చూశాడు. కంకణాలు, ఖడ్గాలు, కిరీటాలు. ఇంత సంపద ఉన్న రాజ్యంలో ఒక్క సూది లేదు. అతని చూపు తల్లి చేతిలో పళ్లెం మీద పడింది. ఆకుదొప్ప. ఆ దొప్ప విడిపోకుండా పొద్దున్నే ఆమె తన చేత్తో గుచ్చిన కొబ్బరి ఈనెపుల్ల.

ఒక్క అంగలో చేరి పుల్ల లాగేశాడు. దొప్ప విచ్చుకుని నూనె పళ్లెంలో పారింది. జనం "అయ్యో" అన్నారు. మణికేతుడు పుల్లను చెవిలో పెట్టి తిప్పాడు. వంగింది. కొస గిల్లి మళ్లీ తిప్పాడు. మైనం పొడిపొడిగా రాలింది. ఇంకొంచెం. పుల్ల సర్రున లోపలికి దిగి, మందును తాకిన మెత్తదనం వేలికి తెలిసింది.

"తోసెయ్యండి వాణ్ణి!" అని భస్మశిఖుడు అరిచాడు. తలారుల్లో ఒకడు వాడి మనిషే. అరిందముడి వీపు మీద చెయ్యి పడింది. అతని కాలి కింద రాయి ఒకటి జారి లోయలో పడింది. ఎంతసేపటికీ దాని చప్పుడు వినిపించలేదు.

చిటికెడు రంజకం. పలక వాల్చాడు. దవడ ఎత్తాడు. మడమ భుజానికి ఆనించాడు. తల్లి పెట్టిన నూనె చర్మానికి తడిగా తగిలింది. నొక్కాడు.

ఉరుముల బండ తన పేరు నిలబెట్టుకుంది. రాయి గీరడం, రవ్వ రాలడం, మంట దూరడం, గుండు పోవడం ఒకే మోతలో కలిసిపోయాయి. మోత కొండ నుంచి కొండకు తగిలి తిరిగి వచ్చేసరికి కపాలదండం ముక్కలై ఉంది, భస్మశిఖుడు పులిచర్మం మీద మోకాళ్ల మీద ఉన్నాడు. భుజం మీది బూడిదలోంచి నెత్తురు కారుతోంది. నిప్పును కట్టేసినవాడికి మనలాగే ఎర్రటి నెత్తురుందని జనం చూశారు. మహారాణి లేచి నిలబడి చెయ్యెత్తింది. రెండో తలారి మొదటివాణ్ణి పక్కకు నెట్టి, అరిందముణ్ణి అంచు నుంచి ఇవతలికి లాగి, కట్లు కోశాడు.

కానీ మాంత్రికుడు చావలేదు. మొలలోని సంచి తీసి నేలకు కొట్టాడు. పచ్చటి పొగ కళ్లు మండిస్తూ కమ్మేసింది. అది విడిపోయేసరికి పులిచర్మం ఖాళీగా ఉంది. ఉత్తర ద్వారం వైపు నుంచి శంఖం మూడుసార్లు మోగింది. దానికి జవాబుగా కొండ కింద వేల గొంతులు లేచాయి. తాళాలు ఇక రావని తెలిసిన శోణపురం సైన్యం గోడలెక్కడానికి కదిలింది.

"తుపాకులు గోడల మీదికి!" అని రాణి ఆజ్ఞాపించింది. వీరులు సింహనాదం చేశారు. ఇక వాళ్లకు భయం లేదు. మాయ విరిగిపోయింది కదా! ఆ ఉదయమే ప్రతి తల్లీ ఏమవుతుందో ఏమోనని తన కొడుకు తుపాకికి మరోసారి, ఇంకాస్త దిట్టంగా, బొట్టు పెట్టి పంపింది. ఆ తుపాకులే భుజాన వేసుకుని వాళ్లు గోడల వైపు పరుగెత్తబోతున్నారు.

మణికేతుడు అరవబోయాడు. ఎదురుగా తల్లి నిలబడి ఉంది. ఆమె పెద్దకొడుకు వైపు పరుగెత్తలేదు. తన ఉంగరపువేలు చూసుకుంటోంది. తర్వాత మడమ మీది బొట్టు చూసింది. తర్వాత ఉక్కు పలకను, దాని మీద రాయి గీసిన కొత్త గీతలను చూసింది.

"చిన్నోడా," అంది. "పెద్దోడి తుపాకికి నేను బొట్టు ఎక్కడ పెట్టానురా?"

అతను పలక మీద అరచెయ్యి మూశాడు.

"చెప్పరా. ఎక్కడ పెట్టాను?"

"అందరూ పెట్టే చోటే పెట్టావమ్మా." అతను గుప్పిట విప్పి నల్లబడ్డ ఈనెపుల్ల చూపించాడు. "ఇది కూడా నీదే. దీంతోనే పేలింది."

గౌరసాని ఆ పుల్ల వంక చూసింది గాని ఊరట పడలేదు. కన్నతల్లికి అంత తేలిగ్గా ఊరట దొరకదు. అరిందముడు తూలుతూ వచ్చి ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు. ఆమె అతని తల మీద చెయ్యి వెయ్యబోయి, ఆ చేతికి నూనె ఉందని ఆగి, చీర చెంగుకు గట్టిగా తుడుచుకుని, అప్పుడు వేసింది. ఒక్క క్షణం అలాగే ఉంచింది. తర్వాత బండ మీద ఎత్తుగా ఉన్న రాయెక్కింది. ఆమె గొంతు ఎప్పుడూ ఇంటి గడప దాటి వినిపించినది కాదు.

"అమ్మల్లారా! ఆగండి! మీ కొడుకుల్ని ఆపండి! నా పెద్దోడి తుపాకి నోరు కట్టేసింది ఆ మాయలోడు కాదు. నేను! ఈ వేలితో నేనే! ఆ ఉక్కుకు నూనె తగిలితే నిప్పు రాలదు. మీరందరూ పెట్టారు, నేనూ పెట్టాను. ఏడవడానికి తర్వాత బోలెడు పొద్దుంది. ఇళ్లకు పరుగెత్తండి. పొయ్యిలో బూడిద ఎంతుంటే అంత గోడల మీదికి తెండి!"

జనం కొయ్యబారిపోయారు. ఒక తల్లి చేతిలోంచి పళ్లెం జారి రాతి మీద ఖణేలుమంది. ఇంకొకామె చెంగు నోట్లో కుక్కుకుని కొండదారి పట్టింది. ఆ వెనక ఇంకొకామె. చూస్తుండగానే దారంతా పరుగెత్తే ఆడవాళ్లతో నిండిపోయింది.

గౌరసాని రాయి దిగి, అందినవాడి చేతిలోంచి తుపాకి లాక్కుంది. చిన్నకొడుకు భుజం మీద మిగిలిన బూడిద గోళ్లతో గీకి, ఉక్కు పలక మీద వేసి, పొద్దున్నే గిన్నెలు తోమే చేత్తో తోమడం మొదలుపెట్టింది. కింద ఉత్తరపు గోడకు మొదటి నిచ్చెన ఆనిన చప్పుడు వినబడింది. ఆమె తల ఎత్తలేదు.